కోతులు మిగిల్చిన కూర

మా హోటల్‌కు బోర్డు రాయించేటప్పుడే మా ఆయన వద్దన్నాడు.

"భోజన హోటల్ అని రాయిస్తే సాలదా? మన పక్క చేలల్ల కూరగాయలే వండుతమని గంత పెద్ద మాట ఎందుకు? రేపు కాయలు దొరకకపోతే ఏం జేస్తవ్?"

"చుట్టూ ఇన్ని ఊర్లున్నయి. కూరగాయలు దొరకకుండ యాడికి పోతయయ్యా?" అన్నాను నేను.

ఆ మాట అన్నందుకు నేను పడ్డ తిప్పలు ఇన్నీ అన్నీ కావు.

రాష్ట్రం వచ్చిన కొత్తల్లో మాట ఇది. అప్పటికి మేం జడ్చర్లలో కిరాయికి ఉంటున్నాం. మా ఆయన ఒక మందుల కంపెనీ బస్సు నడిపేవాడు. ఆ కంపెనీలో పనిచేసే పిల్లలు కొందరు మా పక్క గదుల్లో ఉండేవాళ్లు. ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లు, వండుకోవడం రాదు. వాళ్లకు నేను రెండు పూటలా బాక్సులు కట్టి ఇచ్చేదాన్ని. కూరగాయలు పట్నం మార్కెట్ నుంచి వచ్చే బండి దగ్గర కొనేదాన్ని. వంకాయ ముట్టుకుంటే మెత్తగా లోపలికి పోయేది. బెండకాయ విరిస్తే విరిగేది కాదు, పీచు సాగేది. ఎంత నూనె పోసినా, ఎంత మసాలా వేసినా ఆ కూరలకు ప్రాణం రాకపోయేది.

మా మేనమామది అక్కడికి దగ్గరి ఊరే. బోరు కింద కొంచెం జాగాలో కూరగాయలు పెట్టేవాడు. జడ్చర్లకు పనిబడి వచ్చినప్పుడల్లా మోపెడ్‌కు సంచి తగిలించుకుని ఏదో ఒకటి తెచ్చి ఇచ్చేవాడు. ఒకసారి బీరకాయలు తెచ్చాడు. పొద్దున తెంపినవి, తొడిమ దగ్గర ఇంకా తడి ఆరలేదు. చెక్కు తీసి, ముక్కలు కోసి, నూనెలో ఎల్లిపాయ వేసి మగ్గబెట్టి, చివర ఇన్ని పాలు పోసి దించాను. అంతకుమించి అందులో ఏమీ లేదు. ఆ పూట ఒక పిల్లాడు ఖాళీ బాక్సు తిరిగి ఇస్తూ, "అక్కా, గీ బీరకాయ యాడిది? మా అమ్మ చేసినట్టే ఉన్నది," అన్నాడు. రెండో రోజు మిగిలినవాళ్లూ అదే అడిగారు.

అప్పుడు పుట్టింది నాకు ఈ ఆలోచన. మా ఆయనకు నడుము నొప్పి ముదిరి బస్సు దిగాల్సి వచ్చినప్పుడు, మహబూబ్‌నగర్ పోయే రోడ్డు పక్కన ఒక షెడ్డు కిరాయికి తీసుకుని హోటల్ పెట్టాం. ఏ కాలంలో పండేది ఆ కాలంలోనే వండాలి, అది కూడా మా చుట్టుపక్కల చేలల్లోదే వండాలి. ఇది నా పట్టుదల. మా మేనమామ అయితే సంతోషంతో నా తల మీద చెయ్యి పెట్టి, "నా పంట నీ పొయ్యి మీదికి వస్తదంటే గంతకన్న ఏం కావాలె బిడ్డా," అన్నాడు.

మొదటి వానకాలం బాగా నడిచింది. అబద్ధం ఎందుకు చెప్పాలి, ఆ నాలుగు నెలలు నేను నేల మీద నడవలేదు. బెండకాయ వేపుడు, దోసకాయ పప్పు, నువ్వుల పొడి చల్లిన గోకరకాయ, అదే గోరుచిక్కుడు. గోంగూరను మేం పుంటికూర అంటాం, దాని పప్పు. జొన్న రొట్టెలు కాల్చడానికి ఒకామెను పెట్టుకున్నాను. లారీల వాళ్లు, కంపెనీ పిల్లలు, మండలాఫీసుకు పనిమీద వచ్చినవాళ్లు కూర్చునే జాగా లేక చెట్టు కింద నిలబడి తినేవాళ్లు.

తర్వాత సొరకాయలు మొదలయ్యాయి.

చేను మన మాట వినదని నాకు తెలియనిది కాదు. ఊర్లోనే పుట్టి పెరిగినదాన్ని. కానీ ఇంట్లో సొరకాయ ఎక్కువ కాస్తే పక్కింటికి ఇస్తాం, బర్రెకు వేస్తాం. హోటల్‌లో అట్ల కుదరదు. మామ పందిరి విరగగాసింది. రోజూ సంచి నిండా సొరకాయలే. మొదట కూర వండాను, తర్వాత పప్పులో వేశాను, తర్వాత పచ్చడి నూరాను, తర్వాత పాలు పోసి పాయసం చేశాను. సొరకాయను దాచిపెట్టడానికి నాకు తెలిసిన ఉపాయాలన్నీ అయిపోయాయి.

"నిన్న గిదే, మొన్న గిదే. అక్కా, మాకు పాణం బాగలేదనుకున్నవా ఏంది?" అన్నాడు ఒక లారీ డ్రైవర్. అందరూ నవ్వారు. నాకు మాత్రం గరిటె విసిరికొట్టాలనిపించింది.

మామకు చెబితే, "కాసినన్ని రోజులు కాస్తది. కాయకు నేను వద్దని చెప్పాల్నా?" అన్నాడు. ఆయన అన్నదీ నిజమే. తినేవాడు అన్నదీ నిజమే. నడుమ నేను.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆ సొరకాయలను తిట్టుకున్న రోజులే తర్వాత బంగారంలాగా కనబడ్డాయి. మూడో ఏడు కోతులు దిగాయి.

అంతకు ముందు లేవని కాదు. గుట్ట మీద ఉండేవి, ఎప్పుడో ఒకసారి వచ్చి జామచెట్టు మీద పడి పోయేవి. గుట్టను కంకర కోసం తవ్వుతుండటంతో ఈసారి మాత్రం గుంపుకు గుంపే చేలోకి కాపురం వచ్చినట్టు వచ్చింది. ఒక రోజు మామ సంచి తేలేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. మధ్యాహ్నం జనం తగ్గాక మా ఆయన బండి మీద చేనుకు పోయాం.

అత్త, అంటే మా మామ భార్య, గట్టు మీద కూర్చుని ఉంది. చేతిలో ఒక నూనె డబ్బా, ఒక కట్టె. ఆమె ముందే కోతులు చిక్కుడు పందిరి మీద తిరుగుతున్నాయి. తింటే కూడా నాకు అంత బాధ అయ్యేది కాదు. తెంపుతున్నాయి, ఒక్క కొరుకు కొరుకుతున్నాయి, పారేస్తున్నాయి. పూత కూడా దూస్తున్నాయి. కింద నేలంతా కొరికిన కాయలు. అత్త డబ్బా కొట్టింది. ఒకటి రెండు తల తిప్పి చూశాయి, అంతే.

"డబ్బా సప్పుడు అలవాటైపోయింది వాటికి," అంది అత్త. గొంతు బొంగురుపోయి మాట సగమే వస్తోంది. "పొద్దుందాక మొత్తుకుంటున్న. నేను బువ్వ తినెటందుకు ఇంటికి పోయి వచ్చేటాలకు గిట్ల చేసినయి."

మామ ఎవరో చెప్పారని జడ్చర్లకు పోయి, పెద్ద పులి బొమ్మ ఉన్న ఫ్లెక్సీ కొట్టించుకొచ్చాడు. రెండు కట్టెలకు కట్టి చేను నడుమ నిలబెట్టాడు. మొదటి రోజు కోతులు గట్టు దాటి రాలేదు. మామ నాకు ఫోన్ చేసి గట్టిగా నవ్వాడు. "పులి పనిచేస్తాంది బిడ్డా!" మూడు నాలుగు రోజులకు నేను మళ్లీ పోయి చూసేసరికి ఒక ముసలి కోతి ఆ పులి నెత్తిన కూర్చుని పేన్లు చూపించుకుంటోంది.

ఊరివాళ్లంతా కలిసి కోతులను పట్టేవాళ్లను పిలిపించారు. వాళ్లు బోన్లు పెట్టి కొన్నింటిని పట్టుకుపోయారు. పది పదిహేను రోజులు చేను ప్రశాంతంగా ఉంది. తర్వాత కొత్త గుంపు దిగింది. పక్క ఊరివాళ్లు పట్టించి మా గుట్ట దగ్గర వదిలారని మావాళ్లు, మావాళ్లు వదిలినవే తమ మీద పడ్డాయని పక్క ఊరివాళ్లు కొట్లాడుకున్నారు. కోతులకు మాత్రం ఏ ఊరైనా ఒకటే.

ఆ ఎండాకాలం గడిచి వానలు పడ్డాక మామ ఒకనాడు ఉత్త చేతులతో హోటల్‌కు వచ్చాడు. చాయ్ అడిగి తాగాడు. గ్లాసు కింద పెట్టి, నా మొహం చూడకుండా చెప్పాడు.

"ఈ ఏడు మొత్తం వరి పెడుతున్న బిడ్డా."

ఒక్కసారిగా నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "మరి నా హోటల్ సంగతేంది మామా? నిన్ను నమ్ముకొని బోర్డు కట్టిన."

"మీ అత్త గొంతు చూసినవా? మాట రాకుంటయింది. కాలువ నీళ్లు వచ్చినయి, చెరువు నిండింది, కరంటు పోతలేదు. అందరు వరి పెడుతుండ్రు. నాటేస్తే కోసేదాక ఫికర్ లేదు. వరిని కోతి గంతగనం ముట్టది. నువ్వే చెప్పు, నేనేం జెయ్యాలె?"

వానల కోసం మొగులు చూసి చూసి ముసలోడైన మనిషి. ఇన్నేళ్లకు నీళ్లు వచ్చాయి. ఆ నీళ్లలో వరి నాటొద్దని నేను ఏ మొహంతో అంటాను? అయినా అన్నాను. కొంచెం కొసరు జాగా అన్నా వదలమని బతిమిలాడాను. గట్టు పక్కన కొంచెం ఉంచుతానన్నాడు. అంతే.

అప్పటి నుంచి నా తిరుగుడు మొదలైంది. మధ్యాహ్నం గిన్నెలు కడిగాక మా ఆయన బండి తీసేవాడు, నేను వెనక కూర్చునేదాన్ని. నడుము నొప్పితో ఆయన ప్రతి గుంతకూ తిట్టేవాడు, కోతులనా నన్నా అన్నది తెలిసేది కాదు. ఎటు చూసినా పచ్చగానే ఉండేది. అంత పచ్చదనం మా చిన్నప్పుడు మా దిక్కు ఎవరూ చూడలేదు. కానీ దగ్గరికి పోతే అంతా వరి. వరి కాకుంటే పత్తి. ఒక ఊర్లో రచ్చకట్ట మీద కూర్చున్న ఒక పెద్దమనిషిని అడిగాను, ఇక్కడ కూరగాయలు ఎవరు పండిస్తారని. ఆయన నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు.

"కూరగాయలా? మేమే జడ్చర్ల అంగడిల కొనుక్కొని తింటున్నం. ఆటోల వస్తయి, పట్నం నుంచి. నీకు యాడన్న దొరికితే మాకు గూడ చెప్పు."

ఇంకో ఊర్లో ఒకామె, పెరట్లో నాలుగు వంకాయ చెట్లకు పాత చీరలు చుట్టి కట్టుకుంది. కాయ ఒక్కటి కూడా కనబడకుండా దాచింది. "అమ్ముతవా వదినా?" అని అడిగితే నవ్వింది. "అమ్మెటందుకు కాదు. కోతులకు దొరకొద్దని దాసిన. ఇప్పుడు నాకే దొరుకుతలెవ్వు."

ఆ ఏడు హోటల్‌లో ఏం వండామో చెబితే నవ్వుతారు. మామ వదిలిన ఆ కొసరు జాగాలో అత్త అన్నీ వేసి చూసింది. కోతులు ఏవి తిన్నాయో అవి పోయాయి. ఏవి తినలేదో అవి మిగిలాయి. కాకరకాయ మిగిలింది. పచ్చిమిరప మిగిలింది. పుంటికూర మిగిలింది. చామగడ్డ మిగిలింది. అవే సంచిలో మాకు వచ్చాయి. మా హోటల్‌లో ఏం వండాలో నేను కాదు, కోతులు చెప్పేవి.

కాకరకాయ వేపుడు. కాకరకాయ పులుసు. ఉల్లిగడ్డ కారం కూరిన కాకరకాయ. బెల్లం వేసిన కాకరకాయ. కంపెనీ పిల్లలు మొదటి వారం ఏమీ అనలేదు. తర్వాత ఒక్కొక్కరే ఎదురుగా కొత్తగా పెట్టిన బిర్యానీ హోటల్‌కు పోవడం మొదలుపెట్టారు. నన్ను చూస్తే సిగ్గుపడి రోడ్డు ఆ పక్క నుంచే నడిచిపోయేవాళ్లు. బాక్సులు కట్టిన నాటి నుంచి నా చేతి తిండి తిన్న పిల్లలు వాళ్లు.

ఆ రోజుల్లోనే ఒకనాడు కారు ఆగింది. పట్నం నుంచి వచ్చిన మొగుడూ పెళ్లాలు. బోర్డు చదివి మురిసిపోయారు. బోర్డును ఫొటో తీసుకున్నారు, పొయ్యిని తీసుకున్నారు, నన్ను కూడా తీసుకున్నారు.

"ఇలాంటివి ఇప్పుడు ఎక్కడున్నాయండీ! ఏ కాలానికి ఆ కూరే తినాలి, ఆరోగ్యానికి అదే మంచిది," అని ఆయన తన భార్యకు చాలాసేపు చెప్పాడు. నేను విస్తరి వేసి కాకరకాయ కూర పెట్టాను. ఆమె ఒక్క ముద్ద తిని, "చేదుగా ఉంది కదా... పనీర్ ఏమైనా ఉందా అండీ?" అని అడిగింది.

లేదన్నాను. పెరుగన్నం తిని పోయారు. పోయేటప్పుడు, ఇలాగే కొనసాగించమని చెప్పారు.

మా ఆయన ఆ రాత్రి అన్నాడు, "రేపటి నుంచి మార్కెట్ బండి నుంచి ఆలుగడ్డ, గోబి తెస్త. నువ్వు ఒప్పుకున్నా సరే, ఒప్పుకోకున్నా సరే."

"బోర్డు మీద రాసింది ఏంది మరి?"

"బోర్డు తింటరా మనుషులు?"

మాకు పెళ్లయినప్పటి నుంచి అంత గట్టిగా కొట్లాడుకోలేదు. రొట్టెలు చేసే ఆమె పిండి పిసుకుతూ పిసుకుతూ బయటికి పోయి నిలబడింది. చివరికి ఆయన స్టూలు వేసి బోర్డు విప్పడానికి ఎక్కాడు, నడుము పట్టేసి దిగలేకపోయాడు. నేనే పట్టుకుని దించాను. రెండు రోజుల తర్వాత పెయింటర్‌ను పిలిచి ఆ మాట పక్కన "దొరికినన్ని" అని రాయించాం. ఆలుగడ్డలు వచ్చాయి. ఎవరన్నా అడిగితే, ఇది పట్నందని చెప్పే వడ్డించేదాన్ని. చాలామంది అడగనే లేదు. అది ఇంకా బాధ అనిపించింది.

అట్ల ఉండగానే చలికాలం మొదట్లో, మామ ఊరి నుంచి తిరిగి వస్తుంటే దారి పక్కన ఒక చిక్కుడు తీగ కనబడింది. ఒకటి కాదు, తుమ్మకంప కంచె మొత్తం చిక్కుడే. గుత్తులు గుత్తులు, ఊదా అంచు కాయలు. ఒక్కటి కూడా కొరికింది లేదు. నేను మా ఆయన భుజం గట్టిగా గుంజి బండి ఆపించాను.

కంచె లోపల గొర్రెల మంద. మేం నాలుగడుగులు వేశామో లేదో మూడు కుక్కలు ఒక్కసారి మా మీదికి వచ్చాయి. మా ఆయన బండి వెనక్కి పోయాడు. లోపలి నుంచి ఒకామె గట్టిగా అదిలించింది. నాకంటే పెద్దామె. గొర్లు కాసే ఇల్లు. వాళ్ల చేనుకు గొర్ల ఎరువు, ఇంటిముందు బోరు. చిక్కుడు వెనక టమాట, వంకాయ, ఇంకొంచెం లోపల అనపకాయ, చిక్కుడు జాతిదే, గింజలు ఒలుచుకుని తినేది.

"అక్కా, నీ చేనుకు కోతులు రావా?" అని అడిగాను.

"ఎందుకు రావు? ఒక్కసారి వచ్చినయి. గీ కుక్కలు ఒకదాన్ని పట్టినయి. మళ్ల రాలే."

నా కథంతా చెప్పాను. ఆమె నవ్వలేదు, జాలిపడనూ లేదు. ఇంట్లోకి పోను మిగిలింది తెంపుకుపొమ్మంది. రేటు మాట్లాడుకున్నాం. మూడో రోజు నుంచి ఆమె కొడుకు పాలు పోసేందుకు జడ్చర్లకు వచ్చేటప్పుడు సంచి దింపి పోయేవాడు.

ఆ చలికాలం నేను మళ్లీ మనిషినయ్యాను. చిక్కుడుకాయ టమాట కూర వండిన రోజు వాసనకే రోడ్డు మీది మనుషులు లోపలికి తొంగిచూశారు. అనపకాయలు ఉప్పేసి ఉడకబెట్టి గంపలో పెడితే, బిర్యానీకి పోయిన పిల్లలు కూడా వచ్చి కూర్చుని ఒలుచుకు తిన్నారు. అనప గింజల కూర, వేడి జొన్న రొట్టె. గుత్తి వంకాయలో పల్లీలు, నువ్వులు నూరి కూరితే గిన్నెలో నూనె పైకి తేలి నిగనిగలాడేది. ఒక డ్రైవర్ తిని, మళ్లీ రొట్టె కోసం చెయ్యి చాపాడు. అట్ల చెయ్యి చాపితే చాలు, వండేవాళ్లకు ఇంకేం కావాలి!

చలి తగ్గగానే ఒక పొద్దు సంచి రాలేదు.

నేనే పోయాను. కంచె అట్లనే ఉంది. లోపల గొర్లు లేవు, కుక్కలు లేవు. ఆమె, ఆమె ముసలి అత్తగారు ఇద్దరే వాకిట్లో ఉన్నారు. చిక్కుడు తీగ కంచె మీద నుంచి సగం జారి నేల మీద పడి ఉంది. పిందెలు, ఆకులు, పూత ఎక్కడపడితే అక్కడ. టమాటలు కొరికి గోడకు కొట్టినట్టు మరకలు.

"మంద ఎల్లిపోయింది చెల్లె," అంది ఆమె. "ఇక్కడ మేత అయిపోయింది. మగోళ్లు కృష్ణ దిక్కు తోలుకపోయిండ్రు. మళ్ల వానలు పడ్డంకనే."

"కుక్కలు?"

"మందతోటి పోకుంటె యాడుంటయి?"

"ఒక్కదాన్నన్న ఉంచకపోయిండ్రా అక్కా? ఒక్క కుక్క ఉంటే నీ చేను నిలబడుతుండె."

ఆమెకు మొదటిసారి కోపం వచ్చింది. "తోవల నక్కలున్నయి, దొంగలున్నరు. గొర్రె పోతే మా బతుకు పోతది. చిక్కుడు చెట్టుకు కాపలా ఉంచుమంటున్నవా కుక్కను?"

తిరిగి వచ్చేటప్పుడు దారి పొడుగునా కోపమే. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక అందరి మీదా తెచ్చుకున్నాను. మామ మీద, వరి మీద, బోర్డును మెచ్చుకున్న ఆ కారు వాళ్ల మీద. గుట్టను తవ్వి కంకర చేసి అమ్ముకున్నవాళ్ల మీద ఇంకా ఎక్కువ. అడవిలో తినడానికి ఏమన్నా ఉంటే కోతులు మాత్రం చేలోకి ఎందుకు వస్తాయి? వాటికీ కడుపుంది. ఈ మాట మనసుకు తోచేది, కానీ పొద్దున పొయ్యి ముందు నిలబడి ఏం వండాలని ఆలోచించేటప్పుడు ఆ జాలి నిలబడేది కాదు.

ఎండాకాలమంతా పప్పు నడిపించింది. మామిడికాయ పప్పు, చింతచిగురు పప్పు, ఉత్త పప్పు. అత్త పంపే కాకరకాయలు పోను మిగిలింది మార్కెట్ బండి.

ఆ ఎండల్లోనే అత్తను మామ మహబూబ్‌నగర్ దవాఖానకు తీసుకుపోయాడు. గొంతు చూపించడానికి. తిరిగి వస్తూ మా హోటల్ దగ్గర బస్సు దిగారు. ఇన్నేళ్లలో అత్త మా హోటల్‌లో కూర్చుని తిన్నది లేదు. ఎప్పుడూ సంచి ఇచ్చి పోయేదే. నేను గబగబా బల్ల తుడిచి ఇద్దరికీ విస్తర్లు వేశాను. ఆమె పండించినవే కదా అని ఉల్లికారం పెట్టిన కాకరకాయలు ముందు పెట్టాను.

అత్త విస్తరి వైపు చూసింది, నా వైపు చూసింది. ఆ రాని గొంతుతోనే అంది, "ఇంట్ల రోజు గిదే తింటున్న బిడ్డా. హోటల్‌కు వచ్చినా గిదేనా? గోబి కూర లేదా?"

మా ఆయన లోపలికి పోయి నవ్వాడు, నాకు వినబడింది. ఆ రోజు బండి మీద గోబి కూడా రాలేదు. నేను మామ ముందరే అరిచాను. ఎవరి మీద అరిచానో ఇప్పుడు గుర్తు లేదు. మామ తల వంచుకుని పప్పు కలుపుకున్నాడు. అత్త మాత్రం నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, "నువ్వు గూడ తిను, మొహం పీక్కపోయింది," అని తన విస్తరిలో నుంచే ముద్ద కలిపి పెట్టింది. కాకరకాయే. తిన్నాను.

వానలు పడ్డాక మంద తిరిగి వచ్చింది. తోవలో ఒక కుక్క ఈనిందట. నేను అడగకుండానే ఆ అక్క ఒక పిల్లను కొడుకుతో పంపించింది. దాన్ని మామ చేనుకు ఇచ్చాం. అది పెరిగింది గానీ మంద కుక్కల తీరుగా కాలేదు. మనుషులు వస్తే మొరుగుతుంది, కోతులు వస్తే అత్త వెనక నిలబడి మొరుగుతుంది. అయినా ఇద్దరూ కలిసి అరిస్తే కొంత పనిచేస్తుందని అత్త అంటుంది. గొంతుకు మందులు వాడుతూనే మామను పోరి పోరి ఇంకొంచెం జాగా వరి నుంచి విడిపించింది. వానకాలం, చలికాలం అక్కడి నుంచి కొంత, మంద ఉన్నన్ని రోజులు అక్క దగ్గరి నుంచి కొంత. మిగిలింది బండి మీదిదే. ఇదీ ఇన్నేళ్లకు కుదిరిన ఏర్పాటు. దీన్ని కుదరడం అనాలో లేదో నాకు తెలియదు.

మొన్న, ఈ వానకాలంలోనే, పొద్దున్నే అత్త ఫోన్ చేసింది. గొంతులో హుషారు.

"గియ్యాల అవి రాలే. బీరకాయలు మంచిగ దిగినయి. గంప నిండుతాంది. మీ మామను పంపుతున్న."

నేను ఆలుగడ్డలు పక్కకు పెట్టించాను. పాలు ఎక్కువ పోయించుకున్నాను. ఎల్లిపాయలు ఒలిచాను. మా ఆయన అందరికీ చెప్పడం మొదలుపెట్టాడు, ఇవాళ పాలు పోసిన బీరకాయ అని. ఇద్దరు కంపెనీ పిల్లలు గదిలో ఉన్నవాళ్లకు ఫోన్ చేసి మరీ పిలిచారు.

కాసేపటికి మళ్లీ ఫోన్ మోగింది.

"వచ్చినయా?" అని అడిగాను.

"గంప గట్టు మీద పెట్టి కుక్కకు నీళ్లు పోసెటందుకు పోయిన," అంది అత్త. "గంపతోటి సహా గుంజినయి. సగం కాల్వల పారేసినయి. ఏరుతున్న."

మామ తెచ్చినవి ఒక సంచిలో సగానికి వచ్చాయి. కొన్నింటికి పంటిగాట్లు ఉంటే కోసి పారేశాను. చెక్కు తీసి వండితే చిన్న గిన్నెడు కూర అయింది. ముందు వచ్చినవాళ్లకు వడ్డించాను. వాళ్లు విస్తరి తుడిచి తిన్నారు, అంత బాగుంది. తర్వాత వచ్చినవాళ్లు గిన్నెలోకి తొంగిచూసి, బీరకాయ అని చెప్పి పిలిచారు కదా అక్కా, ఏదీ అని అడిగారు.

"అయిపోయింది," అన్నాను. "కూసోండ్రి. పప్పు పెడుతున్న."

ఒకడు లేచిపోయాడు. ఇద్దరు కూర్చున్నారు. కందిపప్పు కడిగి పొయ్యి మీద పెట్టి, పుంటికూర ఆకు తుంచడం మొదలుపెట్టాను.